ఎథిక్స్ లెటర్ తర్వాత ఇవ్వొచ్చన్న రూలు: కొన్నేళ్ళు వాడాక

మెడికల్ రీసెర్చ్ గ్రాంట్ల రూల్స్ ఎప్పటికప్పుడు మారుతూనే ఉన్నాయి. పేజీల లెక్క, బడ్జెట్ ఫార్మాట్ లాంటివి దరఖాస్తు పెట్టేవాళ్ళందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించిన మార్పు ఒక్కటే. మనుషుల మీద చేసే పరిశోధన వల్ల వాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఇచ్చే అనుమతి పత్రం దరఖాస్తుతో పాటే పెట్టక్కర్లేదు, ప్రాజెక్టు ఎంపికయ్యాక ఇస్తే చాలు.

నేను నెల్లూరులో కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెబుతాను. నా పనంతా కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ మీద. ఆ ఊళ్ళు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఇక్కడి ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి వైద్య పత్రికల్లో రాశారు. 2018లో నీళ్ళ శాంపిల్స్ కోసం వెళ్ళినప్పుడు, నడుం వంగిపోయిన ఒక అవ్వ బోరు దగ్గర నా చేతిలో ప్లాస్టిక్ బాటిల్ చూసింది. (గాజు సీసాలు వాడం, ఫ్లోరైడ్ గాజుతో కలిస్తే లెక్క తప్పుతుంది.) "పోయినేడు గూడా ఎవురో పట్టుకుపోయినారమ్మా, ఏమొచ్చిందో చెప్పనే లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఆ ఏడాది దరఖాస్తు మొత్తం సిద్ధం చేసుకున్నా. అనుమతి పత్రం మాత్రం రాలేదు. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. ఆ రోజు కమిటీలో ఉన్న లాయరు గారికి కోర్టు పని పడింది, ఇంకో ఇద్దరు రాలేదు, కోరం నిండలేదు. గడువు దాటిపోయింది. అవ్వకు ఏం చెప్పాలో తెలియక ఆ ఎండాకాలం ఆ ఊరి వైపే వెళ్ళలేదు.

అందుకే రూలు మారిందని చూడగానే ఎంత సంతోషించానో చెప్పలేను. ఈసారి రాయడం మీదే మనసు పెట్టి రాశాను. 2022లో ప్రాజెక్టు ఎంపికైంది. అనుమతి పత్రం 30 రోజుల్లో పంపమని మెయిల్ వచ్చింది.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. 2019లో వచ్చిన కొత్త డ్రగ్స్, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆరోగ్య పరిశోధనలు చూసే ఎథిక్స్ కమిటీలు కూడా రిజిస్టర్ అయ్యుండాలి. ముందు ఇచ్చే తాత్కాలిక రిజిస్ట్రేషన్ రెండేళ్ళే పనిచేస్తుంది. మా కమిటీ కాగితం తీసి చూస్తే ఆ రెండేళ్ళూ దాటిపోయాయి. ఆఫీసులో ఒక్కరూ గమనించలేదు, నేనూ అడగలేదు. పాత రూలే ఉండుంటే దరఖాస్తు పెట్టేటప్పుడే ఈ సంగతి బయటపడేది.

దగ్గర్లోని ఇంకో కాలేజీ కమిటీతో ఒప్పందం రాసుకుని, వాళ్ళ చేత పరిశీలన చేయించుకున్నాం. అలా చేయడానికి పరిశోధనల్లో పాటించాల్సిన నైతికత మీద 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాల్లో వీలుంది. మా ప్రిన్సిపల్ గారు ఆదివారం కూడా వచ్చి సంతకం పెట్టారు. గడువు పొడిగించమని మెయిల్ పెడితే మూడు వారాలు ఇచ్చారు. అందరికీ ఇస్తారని మాత్రం నేను మాటివ్వలేను.

మొదట్లో ఈ రూలు కష్టం తీసేసిందని జూనియర్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. అప్పట్లో ముందు పడిన కష్టం ఇప్పుడు చివర్లో, తక్కువ రోజుల్లో పడుతోంది. అయినా పాత పద్ధతి మళ్ళీ రావాలని కోరుకోను. ఎంపిక కాని ప్రాజెక్టుల కోసం కమిటీ వాళ్ళు గంటలు గంటలు కూర్చునే పని తప్పింది, అది చిన్న విషయం కాదు.

మీ కమిటీ నెలనెలా కూర్చునేదైతే ఈ రూలు మీకు బాగా కలిసొస్తుంది. మాలాగా మూడు నెలలకోసారి అయితే ఎంపిక కబురు కోసం ఆగకుండా ముందే ఫైలు ఇచ్చేయండి. పెద్ద ఊళ్ళలోని సంస్థల సంగతి నాకు తెలియదు, నేను చెప్పేది నెల్లూరులో ఒక కాలేజీ అనుభవం.

పోయిన సంవత్సరం ఆ బోరు ఫలితం తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్ళాను. అవ్వ మనవరాలు చదివి వినిపించింది. ఆ కాగితాన్ని అవ్వ రేషన్ కార్డు పెట్టుకునే కవర్లోనే దాచుకుంది.