మా హాల్లోకి వచ్చిన వైకుంఠం బొమ్మ

రెండు నెలలు పొదుపు చేసి చిత్రకారుడు తోట వైకుంఠం గారి సెరిగ్రాఫ్, అంటే తెరలతో అద్దిన బొమ్మ, ఒకటి కొన్నాను. మూడు వారాలుగా మా హాల్లో ఉంది. ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో రామచిలుక. నల్లటి ఒళ్లు, రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కుపుడక, చేతినిండా కడియాలు, నిండు ఎరుపు చీర.

ఇది కంప్యూటర్ ప్రింటు కాదు. ఒక్కో రంగుకు ఒక్కో జాలీ తెర కట్టి, దాని గుండా రంగులను ఒకదాని మీద ఒకటి అద్దుతారు. అందుకే ఆ ఎరుపు కాగితం మీద పొరలా నిలబడింది, పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. కింద పెన్సిల్‌తో సంతకం, మొత్తం కాపీల్లో ఇది ఎన్నోదో చెప్పే సంఖ్య ఉన్నాయి. కొనేవాళ్లు ముందు అవి చూసుకోండి.

ఫ్రేము దగ్గరే దెబ్బ తిన్నాను. మామూలు అద్దం బిగించారు. ట్యూబులైటు వెలిగితే చిలుక కనిపించదు. మెరవని అద్దం కావాలని ముందే గట్టిగా చెప్పండి.

వైకుంఠం గారు 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. బరోడాలో ప్రసిద్ధ చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని కూడా తన పల్లె ఆడవాళ్లనే గీశారు. మాదీ కరీంనగరే. నా యాసకు నవ్వుతారని కాలేజీలో రెండేళ్లు నోరు మెదపలేదు నేను. ఆ యాస మాట్లాడే మనుషులు మా గోడ మీద తలెత్తుకుని కూర్చున్నారు!

మొన్న అమ్మ ఊరినుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే ఆగిపోయి, "గిది మా పెద్దక్క లెక్కనే ఉన్నదేందే!" అన్నది. ఆ రాత్రి పెద్దమ్మ పెళ్లిచీర రంగు దగ్గర మొదలుపెట్టి, పన్నెండు దాకా చెబుతూనే ఉంది.