అద్దెకు తెచ్చిన 20 టన్నుల ఎక్స్‌కవేటర్: ఇంజిన్‌కు వంక లేదు, లీవర్లతోనూ బ్రేకర్‌తోనూ ఇబ్బంది

చీమకుర్తిలో మా క్వారీలోని పనికిరాని రాతిని పగలగొట్టి తొలగించడానికి, ఒంగోలులోని ఒక అద్దె యార్డు నుంచి 20 టన్నుల ఎక్స్‌కవేటర్‌ను రాక్ బ్రేకర్, బకెట్, ఈ రెంటినీ చప్పున మార్చి తగిలించే క్విక్ కప్లర్‌తో సహా నెల రోజులకు తెచ్చుకున్నాం. నెల పూర్తయింది కనుక, అక్కడి నుంచి బండి తీసుకోదలచినవారి కోసం మా అనుభవం రాస్తున్నాను.

ముందుగా లీవర్ల సంగతి. వీటి అమరికకు రెండు పద్ధతులున్నాయి. ఐఎస్ఓ పద్ధతిలో ఎడమ లీవరును ముందుకూ వెనక్కూ కదిపితే ఆర్మ్ (బకెట్ తగిలించే చివరి చెయ్యి), కుడి లీవరును అలాగే కదిపితే బూమ్ (బండికి ఆనుకుని ఉండే పెద్ద చెయ్యి) పనిచేస్తాయి; బ్యాక్‌హో పద్ధతిలో ఈ రెండూ తారుమారవుతాయి. స్వింగ్ (బండి పైభాగం పక్కలకు తిరగడం), బకెట్ కదలికలు రెండింటిలోనూ ఒకటే కావడం వల్ల, బండిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసినవారికి తేడా తెలియదు. మాకు వచ్చిన బండిలో ఈ పద్ధతిని మార్చే వాల్వు బ్యాక్‌హో పద్ధతికి తిప్పి ఉంది, క్యాబిన్‌లో స్టిక్కరు మాత్రం ఐఎస్ఓ పద్ధతిని చూపిస్తోంది. మొదటి రోజు ఉదయమే మా ఆపరేటర్ బండి ఆపి దిగి వచ్చి, "అన్నా, చెయ్యొకటి అనుకుంటే బండి ఇంకోటి చేస్తా ఉంది" అన్నాడు. ఆర్మ్‌ను చాచబోతే బూమ్ దిగి, బ్రేకర్ మొన బెంచి (క్వారీలో మెట్టులా తవ్విన తలం) అంచున, అమ్మకానికి కోసిపెట్టిన బ్లాకుకు జానెడు దూరంలో తగిలింది. బంగారు చుక్కల గెలాక్సీ రాయిలో (ఇక్కడి నల్ల గ్రానైట్‌లో) ఒక మూల చిట్లినా ఆ బ్లాకు ధర ఎంత పడిపోతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పదేళ్లకు పైగా ఒకే పద్ధతికి అలవాటుపడిన చేతులు, ప్రమాదం ఎదురైన క్షణంలో ఆ అలవాటు వైపే పోతాయి. అందులో ఆపరేటర్ తప్పేమీ లేదు. యార్డు మెకానిక్ వచ్చి అరగంటలో వాల్వు మార్చాడు. అదే పని బండిని ట్రైలర్ ఎక్కించే ముందు చేసి ఉండాల్సింది.

బ్రేకర్‌తో ఇంతకంటే ఎక్కువ కష్టపడ్డాం. దాని పెడల్ బిగుసుకుపోయి, కాలు తీసినా ఒకటి రెండు సెకన్లు దెబ్బలు ఆగేవి కావు. రాయి పగిలిపోయాక కూడా దెబ్బ పడితే ఆ శక్తి రాతిలోకి పోవడానికి వీలుండదు. చిజెల్‌ను (బ్రేకర్ మొనను) పట్టి ఉంచే పిన్నులూ, బ్రేకర్‌ను బిగించిన పొడవాటి బోల్టులూ దాన్ని మోయవలసి వస్తుంది. రెండో వారానికి దెబ్బల్లో బలం తగ్గింది. ఫోన్ చేస్తే "మీ ఆపరేటర్‌కు కొట్టడం రాదు" అన్నారు. ఒకేచోట 30 సెకన్లకు మించి కొట్టకుండా, చిజెల్‌ను నేలకు అదిమిపెట్టి గ్రీజు ఎక్కించే మనిషిని అంత మాట అనడం నాకు చాలా బాధ కలిగించింది. చివరికి మెకానిక్ గేజి పెట్టి చూస్తే బ్రేకర్ దెబ్బకు బలమిచ్చే నైట్రోజన్ గ్యాస్ బాగా తగ్గిపోయి ఉంది, చిజెల్ చుట్టూ ఉండే బుష్ అరిగి చిజెల్ ఊగుతోంది. పైగా బ్రేకర్ నుంచి తిరిగివచ్చే ఆయిల్‌ను నేరుగా ట్యాంకుకు పంపకుండా మెయిన్ వాల్వు గుండా మళ్లించారు. అందువల్ల ఆయిల్ వేడెక్కి, వెనక ఒత్తిడి పెరిగి, దెబ్బలు ఇంకా మందగించాయి. ఆ హోస్ మార్చిన తరువాతే పని సాఫీగా సాగింది.

నేను అన్నిటికంటే తీవ్రంగా తీసుకున్నది క్విక్ కప్లర్ విషయం. దానికి ఉండవలసిన సేఫ్టీ పిన్ లేదు, దాని స్థానంలో మామూలు బోల్టు దూర్చి పంపారు. బకెట్ ఊడిపడితే కింద ఉన్న మనిషి బతకడు. అసలు పిన్ వచ్చేదాకా బండిని కదలనివ్వలేదు. ఒక రోజు పని పోయింది. యార్డు యజమాని మొదట వాదించినా, ఆ రోజు అద్దె తగ్గించారు.

ఇక మంచి విషయాలు. ఇంజిన్ బలంగా ఉంది, ట్రాకులు గట్టివి, డీజిల్ ఖర్చు మేము అనుకున్నదానికి మించలేదు. మెకానిక్ పిలిచిన ప్రతిసారీ వచ్చి, ఆపరేటర్ చెప్పేది ఓపికగా విని పనిచేశాడు.

వచ్చే నెలకు ఇదే బండిని బకెట్‌తో మాత్రమే తీసుకుంటున్నాం. బ్రేకర్‌ను మరొకచోట మాట్లాడుకున్నాం. ఈసారి మా ఆపరేటరే ముందుగా ఒంగోలు వెళ్లి, యార్డులోనే సీటులో కూర్చుని బూమ్, ఆర్మ్ విడివిడిగా కదిపి, కప్లర్ పిన్ తన చేత్తో తడిమి చూశాకే ట్రైలర్ బయలుదేరుతుంది.