గండుతుమ్మెదల చెక్క బోను: కొనేముందు దూలాలు చూసుకోండి

ఇంటి దూలాలు తొలిచే గండుతుమ్మెదల్ని పట్టడానికి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఈ బోను చూడ్డానికి పిచ్చుకగూడులా ఉంటుంది. పక్కల్లో పైకి వాలుగా తొలిచిన బెజ్జాలు, అడుగున మరతో బిగించే ప్లాస్టిక్ సీసా. గూటికోసం వెతుక్కునే తుమ్మెద బెజ్జంలో దూరుతుంది. లోపల చీకటి, వెలుతురు సీసాలోంచే వస్తుంది కాబట్టి అటే దిగి పడిపోతుంది, మళ్లీ పైకి దారి దొరకదు. మందు అక్కర్లేదు, ఎర అక్కర్లేదు. పనిచేస్తుంది. అయినా ఐదుకు మూడు మార్కులే.

మొదటి లోపం బెజ్జం కొలత. ఇవి ఎక్కువగా అమెరికా తుమ్మెదల కొలతకు, 12, 13 మిల్లీమీటర్లకు తొలిచినవి. విజయవాడ, గుంటూరుల్లో తిరిగే నీలిరెక్కల నల్లతుమ్మెదల్లో అంతకన్నా లావువి ఉంటాయి. మీ దూలంలో ఉన్న బెజ్జం కొలిచి, అవసరమైతే 16 మిల్లీమీటర్ల బిట్‌తో పెద్దది చేయండి. వాలు మాత్రం చెడకూడదు. రంగు, వార్నిష్ వేసిన బోను తీసుకోవద్దు, రంగు వేయని ఎండు చెక్కే వాటికి ఇష్టం. సీసా పల్చనిదైతే మన మే నెల ఎండకు సొట్టపోయి మర వదులవుతుంది. వానకు నీళ్లు నిలవకుండా అడుగున సన్నని చిల్లు పెట్టాలి.

అసలు సంగతి వేరే ఉంది. పాత బొరియలు తెరిచి ఉంటే తుమ్మెద బోను వంక చూడదు. పాత సొరంగాన్నే శుభ్రం చేసుకుని, ఇంకాస్త పొడిగించి గుడ్లు పెడుతుంది. అది చెక్కను తినదు, తొలిచి పొట్టు బయట పోస్తుంది. కింద పసుపుపచ్చని పొట్టు కనిపిస్తే పైన తాజా బొరియ ఉన్నట్టే. సాయంత్రం దాంట్లో కాగితం ముక్క వదులుగా కుక్కండి. రెండు మూడు రోజులైనా కదలకపోతే లోపలికీ బయటికీ తుమ్మెద తిరగడం లేదన్నమాట. అప్పుడు అదే లావు కర్ర బిరడాకు ఫెవికాల్ మెరైన్ పూసి దిగ్గొట్టి, పైన పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు ఆయిల్ పెయింట్ వేయాలి. ఉత్త పుట్టీ పెడితే తొలిచేస్తుంది. లోపల తుమ్మెద ఉండగా మూస్తే పక్కన ఇంకో బెజ్జం చేసుకుని వస్తుంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లు పైపైన కొట్టే స్ప్రే కూడా ఇక్కడ దండగే: బొరియ లోపలికి వెళ్లి చెక్క పొర వెంట మలుపు తిరుగుతుంది, మందు అక్కడిదాకా చేరదు. బాల్కనీ వెదురు తడికలకైతే ఖాళీ బొంగుల కొసలు ఎంసీల్‌తో మూయండి.

ఈ సరుకంతా విజయవాడ వన్ టౌన్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ముందు దీనికి ఖర్చు పెట్టండి, బోను తర్వాత.

మొహం ముందు గిరగిరా తిరిగేది మగది, దానికి కొండి లేదు. ఆడదానికి ఉన్నా, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. మునగ, గుమ్మడి, వంగ పూలకు ఇవి చేసే మేలు ఎంతో. అందుకే పెరడు ఉన్నవాళ్లు బోను మానేసి, ఒక కొస కణుపుతో మూసుకున్న ఎండు వెదురు ముక్కలు, అడుగు పొడవువి, కట్టగా కట్టి ఇంటికి దూరంగా వాన తగలనిచోట అడ్డంగా వేలాడదీయండి. దూలాలు మూసిన వారంలోపే ఆ కట్ట సిద్ధంగా ఉండాలి, లేకపోతే కిటికీ చట్రాల మీద పడతాయి.