నార్వే ముత్తాత ఊరు పట్టుకోవాలంటే సెన్సస్ మేలా, చర్చి రిజిస్టర్ మేలా?

మాది గుంటూరు, మా ఆయనది అమెరికాలోని మిన్నెసోటా, వాళ్ళ పూర్వీకులు నార్వే వాళ్ళు. మా అత్తగారు ఒకసారి మాటల్లో తన ముత్తాత నార్వేలో ఏ ఊర్నించి వచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలీదన్నారు, ఇంటిపేరుంది కదా, ఊరు తెలీకపోవడమేంటి అనుకున్నా నేను, మనకి సగం ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లేగా.

దిగాక తెలిసింది లోతు. హాన్స్ కొడుకు ఓలే అయితే ఓలే హాన్సెన్, ఆ ఓలే కొడుకు ఓల్సెన్, కూతురైతే ఓల్స్‌డాటర్. దాని వెనక వాళ్ళుంటున్న ఫార్మ్ పేరు పెట్టుకుంటారు కానీ అది మన ఇంటిపేరులా పట్టుకుని ఉండదు, ఫార్మ్ మారితే పేరూ మారుద్ది. అందరికీ స్థిరంగా ఒక ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చిందే 1923లో. అమెరికా వచ్చాక అన్న తండ్రి పేరు ఉంచుకుని తమ్ముడు ఫార్మ్ పేరు పెట్టుకున్న ఇళ్ళు బోలెడు. కాబట్టి ఒట్టి పేరుతో వెతికితే గడ్డివాములో సూదే.

అందరూ ముందు వెళ్ళేది అమెరికా సెన్సస్‌కే, నేనూ అంతే. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో ఫ్రీ, పేరు కొడితే పేజీ వచ్చేస్తుంది. 1850 నుంచి ఇంట్లో ఒక్కొక్కరి పేరూ ఉంటుంది, 1900 దాంట్లో అయితే పుట్టిన నెల, ఏడాది, అమెరికా వచ్చిన ఏడాది కూడా. 1890ది మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైంది, ఇప్పుడు దాదాపు ఏమీ మిగల్లేదు, అయినా మిన్నెసోటా రాష్ట్రం విడిగా తీసిన 1885, 1895 లెక్కలున్నాయి కాబట్టి ఇక్కడి వాళ్ళకి పెద్ద నష్టం లేదు. అసలు ఇబ్బంది ఏంటంటే పుట్టిన చోటు అనే గడిలో మామూలుగా ఉండేది "నార్వే" అని ఒక్క ముక్క, మనవాడు ఎక్కడ పుట్టాడంటే ఆంధ్రాలో అన్నట్టు. వయసులు కూడా నమ్మలేం, లెక్కలాయన వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుంటే వాళ్ళు చెప్పిందే రాసుకునేవాడు, ఎవరూ లేకపోతే పక్కింటివాళ్ళు చెప్పింది. మా ఓలే తాత (అదే, అత్తగారి ముత్తాత) 1900లో 1871లో వచ్చానన్నాడు, 1910కల్లా అది 1869 అయింది.

ఇక్కడే నేను తప్పు చేశా. ఆ వయసు పట్టుకుని నేరుగా నార్వే 1865 సెన్సస్‌లోకి దూకా, నార్వే ఆర్కైవ్స్ వాళ్ళ డిజిటాల్‌ఆర్కివెట్ సైట్‌లో అదీ ఫ్రీయే. చాలా బావుంటుంది చూడ్డానికి, మనుషుల పక్కనే ఎన్ని ఆవులు, ఎన్ని గొర్రెలు, విత్తనం ఎంత జల్లారు, బంగాళాదుంప ఎంత పెట్టారు అన్నీ రాశారు. పదమూడేళ్ళ ఓలే హాన్సెన్ ఒకడు దొరికాడు, ఇంకేం, మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని వాడి నాలుగు తరాలు కట్టేశా. చివర్లో అదే ఊరి చర్చి రిజిస్టర్ తిప్పుతుంటే ఖననాల పేజీలో వాడే ఉన్నాడు, 1868లో పదహారేళ్ళకే పోయాడు పాపం. ఎవరి తాతలకో నేను వంశవృక్షం గీశానన్నమాట.

తర్వాత బుద్ధిగా అమెరికాలోని లూథరన్ (నార్వే వాళ్ళు ఎక్కువగా ఉండే ప్రొటెస్టెంట్ శాఖ) చర్చి రిజిస్టర్లకి వెళ్ళా. వీటిల్లో చాలావరకు యాన్సెస్ట్రీ అనే సైట్‌లో డబ్బులు కడితే కనిపిస్తాయి, విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో నార్వేజియన్ అమెరికన్ జీనియాలజికల్ సెంటర్ అని ఈ పని మీదే ఉన్న లైబ్రరీ కూడా ఉంది. పాస్టర్ కూడా నార్వే మనిషే కాబట్టి వాళ్ళ భాషలోనే రాసుకునేవాడు, ఆయనకి "నార్వే" అంటే సరిపోదు, ఏ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) అని అడుగుతాడు. మా తాత ఎంట్రీలో పుట్టిన తేదీ మొత్తం ఉంది, పక్కన "వాంగ్" అని ఉంది. గంతేశా. తీరా చూస్తే వాంగ్‌లు రెండు, ఒకటి వాల్డ్రెస్ లోయలో, ఇంకోటి హేడ్‌మార్క్‌లో.

అది తేల్చింది నార్వే చర్చి రిజిస్టరే, నా ఓటు దానికే. కష్టం మాత్రం ఒప్పుకోవాలి. పాత గోతిక్ చేతిరాతలో మన కంటికి "ఇ" అక్షరం "ఎన్"లా ఉంటుంది, అలవాటవడానికి నాకు నెల పట్టింది. 7బిఆర్ అని ఉంటే జులై అనుకుంటాం, కాదు, సెప్టెంబర్, లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. ఇంకా పాత పుస్తకాల్లో తేదీయే ఉండదు, త్రినిటీ పండగ తర్వాత మూడో ఆదివారం అని ఉంటుంది, మా నాయనమ్మ మా నాన్న పుట్టినరోజు సంక్రాంతి నుంచి లెక్కేసి చెప్పినట్టే. కానీ సరుకు చూడండి: బాప్తిస్మంలో తల్లిదండ్రులు, ఫార్మ్ పేరు, సాక్షులుగా నిలబడ్డ చుట్టాల పేర్లు, కన్ఫర్మేషన్‌లో (బాప్తిస్మం అయిన పిల్లలు పెద్దయ్యాక చర్చిలో తమ విశ్వాసం ఒప్పుకునే వేడుక) మళ్ళీ పుట్టిన తేదీ, మశూచి టీకా ఎప్పుడు వేయించారో కూడా. 1736లో కన్ఫర్మేషన్ తప్పనిసరి చేశారు, ఆ రోజుల్లో అలాగే ఉండేది కాబట్టి పిల్లాడు బతికుంటే పదిహేనేళ్ళ దగ్గర మళ్ళీ కనపడాల్సిందే. వాల్డ్రెస్ వాంగ్‌లో మా తేదీతో సరిగ్గా ఒక్కడే ఉన్నాడు.

చర్చిలో చేరనివాళ్ళు, చేరినా మధ్యలో మానేసినవాళ్ళు ఉంటే మాత్రం సెన్సస్సే దిక్కు. అందరికీ నేను చెప్పేది, అమెరికా సెన్సస్‌లో ఒక గంట కూర్చుని కౌంటీ, టౌన్‌షిప్ (మన జిల్లా, మండలం లాంటివి) పట్టుకోండి, చాలు, అక్కడినుంచి ఆ చుట్టుపక్కల లూథరన్ చర్చికి వెళ్ళండి, పారిష్ పేరు చేతికి వచ్చేదాకా నార్వే వైపు తొంగిచూడకండి. నార్వే సెన్సస్ ఆఖర్న, దొరికినవాడు మనవాడేనా అని సరిచూసుకోడానికి.

రిజిస్టర్లో ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ పట్టిక విడిగా ఉంటుంది, అది మాత్రం వదలొద్దు. 1871లో మా తాత పేరు ఎదురుగా "అమెరికా" అని ఉంది, పైనా కిందా ఇంకో పదకొండు మంది, అందరికీ అదే తేదీ. ఆ పేర్లు రాసుకుని మళ్ళీ 1880 అమెరికా సెన్సస్ తీస్తే అందులో ముగ్గురు మా తాతతో ఒకే పేజీలో, పక్కపక్క పొలాల్లో ఉన్నారు. మా అత్తగారికి చూపిస్తే ఒక పేరు మీద వేలు పెట్టి, వీళ్ళ మనవరాలు మొన్న ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంది అన్నారు.