రీడింగ్ ఛాలెంజ్: ఇంటర్ నుంచి బీటెక్ ఫైనల్ ఇయర్ దాకా వాడాక నా రివ్యూ

జనవరి ఒకటిన ఆప్‌లో ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతానని ఒక అంకె పెట్టుకోవడం, ఒక్కో పుస్తకం అవ్వగానే ఎంత అయిందో చూపించే గీత కొంచెం ముందుకు జరగడం, డిసెంబర్ 31కి అంకె అందిందా లేదా చూసుకోవడం, రీడింగ్ ఛాలెంజ్ అంటే ఇంతే. చదివిన పుస్తకాల లిస్ట్ పెట్టుకునే గుడ్‌రీడ్స్ అనే ఆప్ దీన్ని 2011లో మొదలుపెట్టింది, ఇప్పుడు వేరే ఆప్‌లలో కూడా ఇలాంటిది ఉంది. నేను ఇంటర్ సెకండియర్‌లో మొదలుపెట్టాను, ఇప్పుడు బీటెక్ ఫైనల్ ఇయర్. చదివేవి ఎక్కువగా యంగ్ అడల్ట్ నవలలు, అంటే టీనేజ్ పిల్లలు ముఖ్యపాత్రలుగా, ఆ వయసు వాళ్ల కోసమే రాసినవి.

ముందు మంచి చెప్తాను. ఎంట్రన్స్ కోచింగ్ అయ్యేసరికి మెటీరియల్ తప్ప వేరే కాగితం ముట్టుకునే ఓపిక పోతుంది, అది అనుభవించిన వాళ్లకి తెలుసు. అలాంటి టైమ్‌లో నన్ను మళ్లీ కథల్లోకి లాగింది ఈ అంకే. హంగర్ గేమ్స్ మూడు భాగాలూ (2008, 2009, 2010లో వచ్చాయి) వరసగా చదివేశాను, ఒకటి అవ్వగానే ఇంకోటి తెరవాలనిపించేలా రాశారు కాబట్టి సిరీస్‌తో మొదలుపెట్టే వాళ్లకి ఛాలెంజ్ బాగా కలిసొస్తుంది. ఇంకో లాభం, తేదీలతో సహా లిస్ట్ మిగులుతుంది. సెకండ్ ఇయర్ సెమిస్టర్ సెలవుల్లో ఏం చదివానో, అప్పుడు ఏ మూడ్‌లో ఉన్నానో ఆ లిస్ట్ చూస్తే గుర్తొస్తుంది, నాకు అది చాలా విలువైనది.

అసలు ఇబ్బంది లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. ద బుక్ థీఫ్ అయిదొందల పేజీలు దాటుతుంది, నాజీ జర్మనీలో లీజెల్ అనే అమ్మాయి కథ, చెప్పేది మృత్యువు. తర్వాత ఏమవుతుందో మృత్యువు ముందే చెప్పేస్తుంది, అయినా ఆ చోటుకి వచ్చేసరికి తట్టుకోలేం, పుస్తకం మూసి పక్కన పెట్టాల్సిందే. అది నెల రోజులు తీసుకునే పుస్తకం, తీసుకోవాలి కూడా. ఛాలెంజ్‌లో దాని విలువ ఒకటి. జేసన్ రేనాల్డ్స్ రాసిన లాంగ్ వే డౌన్ (2017) మొత్తం కవిత్వంలో ఉంటుంది, అన్నని చంపిన వాడి మీద పగ తీర్చుకోవడానికి పదిహేనేళ్ల విల్ తుపాకీతో లిఫ్ట్ ఎక్కుతాడు, ఒక్కో అంతస్తులో చనిపోయిన మనిషి ఒకరు లోపలికి వస్తారు, కథంతా ఆ లిఫ్ట్ కిందికి దిగే ఒక్క నిమిషంలోనే. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. దాని విలువా ఒకటే. రెండూ గొప్ప పుస్తకాలు, కానీ నవంబర్ వచ్చి గీత వెనకబడి ఉందనుకోండి, చెయ్యి ఆటోమేటిగ్గా సన్న పుస్తకాల వైపే వెళ్తుంది. లావు పుస్తకాన్ని "వచ్చే ఏడాది చూద్దాం" అని పక్కన పెట్టించే పద్ధతిని నేను మెచ్చుకోలేను.

పేజీల లెక్క కూడా పెట్టి చూశాను, స్టోరీగ్రాఫ్ అనే ఇంకో ఆప్‌లో ఆ సౌకర్యం ఉంది. పుస్తకాల లెక్క కంటే నయమే, లావు పుస్తకానికి దాని బరువు దానికి దక్కుతుంది. కాకపోతే కవిత్వంలో రాసిన నవలలకి ఇదీ సరిపోదు, లాంగ్ వే డౌన్ మూడొందల పేజీలు ఉంటుంది గానీ పేజీకి నాలుగైదు లైన్లు ఉన్నవే చాలా. ఒక్కోసారి రెండు లైన్లే.

చివరికి నాకు కుదిరింది టైమ్ లెక్క. రోజూ అరగంట, ఫోన్‌లో టైమర్ పెట్టి, నోట్‌బుక్‌లో పుస్తకం పేరు, ఆ రోజు ఆగిన పేజీ, నచ్చిన ఒక వాక్యం. ఇంటర్నల్స్ ఉన్న వారం పావుగంట. ఈ పద్ధతిలో ఏ పుస్తకం తీసినా నష్టం లేదు, నచ్చకపోతే మధ్యలో వదిలేసినా ఆ అరగంట అరగంటే, అందుకే తెలియని రచయితలని కూడా ధైర్యంగా మొదలుపెడుతున్నాను. వాక్యం రాసుకోవడం మాత్రం మానొద్దు, నాలుగు నెలల తర్వాత కథ మర్చిపోయినా ఆ వాక్యం చూస్తే మనుషులు గుర్తొస్తారు.

ఖర్చు గురించి అడిగేవాళ్లకి: హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్‌లో ఈ నవలలు దొరుకుతాయి, ఓపికగా వెతకాలి, సిరీస్‌లో ఒకటో భాగం లేకుండా రెండోది కొనకండి. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంటుంది.

తెలుగులో ఈ వయసు వాళ్ల కోసమని రాసిన నవలలు నాకు చాలా తక్కువ దొరికాయి, ఈ విషయంలో నాకు నిజంగా బాధ ఉంది. రైలుపెట్టెలే తరగతి గదులుగా ఉన్న టోక్యో బడి గురించిన తొత్తోచాన్ అనే జపాన్ పుస్తకం మన దగ్గర "రైలుబడి"గా వచ్చింది, అది కొంచెం చిన్న వయసు వాళ్లదే అయినా పద్దెనిమిదేళ్లకి చదివినా అంతే నచ్చుతుంది. మన ఊళ్లలో, మన హాస్టళ్లలో, మన ర్యాంకుల టెన్షన్ మధ్య జరిగే ఇలాంటి నవలలు రావాలి, ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేను కొంటాను.

నా రేటింగ్: పుస్తకాల లెక్క ఛాలెంజ్‌కి 5కి 2.5, పేజీల లెక్కకి 3, రోజూ అరగంటకి 4.5. చదవడం పూర్తిగా ఆగిపోయిన వాళ్లు మొదటి ఏడాది పుస్తకాల లెక్కతోనే మొదలుపెట్టండి, పన్నెండు చాలు, నెలకి ఒకటి. అలవాటయ్యాక టైమ్ లెక్కకి మారండి.