బరువు పెరగని పిల్లలకు ఏది మేలు: డబ్బా పొడా, రాగి మాల్టా, తినే ఇడ్లీలోనే బలం దట్టించడమా?

ఇడ్లీ, పెరుగన్నం, బొరుగులు, పాలు, ఒకే కంపెనీ బిస్కెట్టు. అంతకు మించి ఏది చూపించినా మొహం తిప్పేసే పిల్లలుంటారు. తాళింపు వాసనకే వాంతి చేసుకునే పిల్లలు, అన్నంలో ఒక్క ఆవగింజ తగిలినా పళ్లెం తోసేసే పిల్లలు, చెయ్యి జిడ్డయితే ఏడ్చే పిల్లలు. ఇది పెంకితనం కాదు. నోటికి, ముక్కుకు, చేతికి తగిలేది వాళ్లకు మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తెలుస్తుంది. అందుకే "రెండ్రోజులు కడుపు మాడిస్తే అదే తింటాడు" అనే సలహా వీళ్ల దగ్గర పనిచేయదు. ఆకలితో నకనకలాడుతూ కూడా తినరు, ఉన్న కాస్త బరువూ తగ్గుతారు.

బరువు పెంచడం ఒక పని, కొత్త తిండి అలవాటు చేయడం వేరే పని. రెండూ ఒకే పూట, ఒకే పళ్లెంలో పెట్టుకోవడం వల్లే చాలా ఇళ్లలో రెండూ చెడుతున్నాయి. ముందు బరువు సంగతి చూద్దాం.

రెండేళ్లు దాటిన పిల్లలు యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి రెండు, రెండున్నర కిలోలు పెరుగుతారు. అంటే నెలకు 200 గ్రాముల చిల్లర. కాబట్టి వారం వారం తూచి దిగులు పడొద్దు. నెలకోసారి అదే మిషన్ మీద, పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక, పలచటి బట్టలతో తూచి రాసుకోండి. వెనకబడిన పిల్లలు ఒక గ్రాము కొత్తగా పెరగడానికి సుమారు ఐదు కేలరీలు పడతాయి. కాగితం మీద అది చిన్న లెక్కే. కానీ ఒకచోట ఎక్కువ తింటే ఇంకోచోట తగ్గించేస్తారు గనక రోజుకు 200 నుంచి 300 కేలరీలు అదనంగా పడేలా చూసుకోవాలి. ఆ 300 ఏ దారిలో వెళ్తే పిల్లాడు పసిగట్టి మానేయకుండా ఉంటాడన్నదే అసలు ప్రశ్న.

డబ్బా పొడులు

మెడికల్ షాపులో ఒకే అరలో ఉన్నా ఇవి రెండు జాతులు. ఒకటి పాలల్లో కలిపే మాల్ట్ పొడులు. రెండు పెద్ద చెంచాలు, అంటే 25 గ్రాములు వేస్తే వచ్చేది 95, 100 కేలరీలు. అందులో చక్కెర వాటా పెద్దది. వీటిని "హెల్త్ డ్రింక్స్" వరసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం కంపెనీలకు చెప్పింది. పాలు తెల్లగా ఉంటే ముట్టని పిల్లాడికి రంగూ రుచీ కోసం ఒక చెంచా వేస్తే తప్పు లేదు గానీ, బరువు కోసం వీటిని నమ్ముకోవద్దు.

రెండో జాతి పిల్లల కోసం చేసిన సంపూర్ణ పోషకాల పొడులు. డబ్బా మీద రాసిన కొలతకు నీళ్లలో కలిపితే మిల్లీలీటరుకు సుమారు ఒక కేలరీ వస్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే 200 కేలరీలు, వాటితోపాటు ఇనుము, జింక్, విటమిన్లు. నెయ్యి ఇవ్వలేనిది ఇదే. ఐదారు రకాలే తినే పిల్లలకు ఈ లోట్లు నిజంగా ఉంటాయి, జింక్ తగ్గితే నాలుకకు రుచి ఇంకా చెడుతుంది. అందుకే వీటిని కొట్టిపారేయలేం.

ఇబ్బందులు మూడు. వెనీలా వాసన ఘాటుగా ఉంటుంది, వాసన గిట్టని పిల్లలు మూత తీయగానే పారిపోతారు. చల్లగా ఇస్తే వాసన తగ్గుతుంది, మూతా స్ట్రా ఉన్న కప్పులో ఇంకా తగ్గుతుంది. రెండోది, మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండ ఒక్కటి నాలుకకు తగిలితే ఆ కప్పుతో సహా మానేస్తారు. గోరువెచ్చటి నీళ్లు పోసి, పొడి కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి, టీ వడపోతలో వంచండి. మూడోది మన చేతులారా చేసేది: "బలం" అని నీళ్లకు బదులు పాలల్లో కలపడం. చిక్కదనం పెరిగి మలబద్ధకం వస్తుంది, మలబద్ధకంతో ఆకలి చస్తుంది. మొదటికే మోసం.

రాగి మాల్ట్

చిత్తూరు, తిరుపతి వైపు రాగి లేని ఇల్లు ఉండదు గనక మొదట అందరూ చెప్పేది రాగి జావే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మంచిదే. కానీ నీళ్లలో కాచిన రాగి జావ బరువు పెంచదు. రెండు పెద్ద చెంచాల పిండి, అంటే 18 గ్రాములు, ఒక గ్లాసు నీళ్లలో కాస్తే 60 కేలరీలు. మజ్జిగ, ఉప్పు కలిపితే దానికి కాస్త ఎక్కువ. కడుపు మాత్రం గ్లాసుడు నిండిపోతుంది. అదే పిండిని 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలల్లో కాచి, పది గ్రాముల బెల్లం, ఒక చిన్న చెంచా నెయ్యి వేస్తే 300 దాటుతుంది. పాత్ర అదే, గ్లాసు అదే, ఐదింతల తేడా.

దీన్ని పాడుచేసేది చిక్కదనం. దించినప్పుడు జారుగా ఉన్నది చల్లారేసరికి ముద్దవుతుంది, మొదటి గుక్కకూ చివరి గుక్కకూ నోటికి పోలిక ఉండదు. సున్నితమైన పిల్లలు సగంలో వదిలేసేది అందుకే. దీనికి మన పాత మొలక రాగుల పద్ధతే మందు. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి ఒక రోజు పైన ఉంచితే మొలకలొస్తాయి. నీడలో, తర్వాత ఎండలో ఆరబెట్టి, మొలకలు రాల్చి, సన్నటి సెగ మీద కొంచెమే వేయించి ఆడించండి. మాడేలా వేయిస్తే లాభం పోతుంది, ఎందుకంటే మొలకలో పుట్టే ఎంజైమే గంజిని పలచన చేసేది. కాచిన జావ వేలు ఓర్చుకునే వేడికి వచ్చాక ఈ మొలక పిండి ఒక చిన్న చెంచా వేసి కలపండి. నాలుగైదు నిమిషాల్లో జారుగా మారుతుంది. ఆ తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించితే ఇక గట్టిపడదు. పిండిని పలచటి గుడ్డలో జల్లించడం మరవొద్దు, పొట్టు నలుసు నాలుకకు తగిలితే అంతే.

మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్నీ తీసిపారేయొద్దు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పొడి అది. జల్లించి, పాలల్లో ఉడికిస్తే మంచి బలం. జల్లించకుండా ఇస్తే మాత్రం గరుకు తగిలి ఉమ్మేస్తారు.

తినేదాంట్లోనే దట్టించడం

మా ఓటు దీనికే, చాలామంది పిల్లల విషయంలో. పిల్లాడు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నెయ్యి గానీ నూనె గానీ ఒక చిన్న చెంచా అంటే 45 కేలరీలు, పాలపొడి ఒక పెద్ద చెంచా 40, వేరుశనగ ముద్ద రెండు చిన్న చెంచాలు 60. రోజులో ఆరుచోట్ల ఇలా పడితే 300 దానంతటదే వస్తుంది.

పాలతో మొదలుపెట్టండి, అన్నిటికన్నా సులువు. ప్యాకెట్టు మీద కొవ్వు శాతం చూడండి: టోన్డ్ పాలల్లో 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. గ్లాసుకు 50 కేలరీల పైనే తేడా. ఒకేసారి మార్చకుండా మూడు వంతుల పాతవి, ఒక వంతు కొత్తవి కలిపి, మూడు నాలుగు రోజులకోసారి ఆ పాళ్లు మార్చండి. ప్రతిసారీ మీగడ తెట్టు వడగట్టాలి. గొంతులో తగిలే ఆ తెట్టుకే చాలామంది పిల్లలు ఓకరిస్తారు. పాలపొడిని ముందు రెండు చెంచాల గోరువెచ్చటి పాలల్లో పేస్టులా రుద్ది, తర్వాత మిగతా పాలల్లో కలపండి.

ఇక పెరుగన్నం. ఇక్కడ వరసే ముఖ్యం. అన్నం పొగలు కక్కుతున్నప్పుడే నెయ్యి వేసి మెదపాలి, అప్పుడే అది మెతుకులోకి ఇంకి కనపడకుండా పోతుంది. పెరుగు కలిపాక వేశారంటే చల్లదనానికి నెయ్యి పూసలు కట్టి, తెల్లటి అన్నంలో పలుకుల్లా నాలుకకు దొరుకుతుంది. నెయ్యి ఇంకాక గోరువెచ్చటి పాలు పోసి మెదిపి, పూర్తిగా చల్లారాక ఫుల్ క్రీమ్ పాలతో తోడేసిన పెరుగు కలపండి. తాళింపు కావాలంటే గింజలు, కరివేపాకు వడగట్టేసి ఆ నూనె మాత్రమే వేయొచ్చు, వాసన ఓర్చుకునే పిల్లలైతేనే.

ఇడ్లీకి పైన నెయ్యి రాస్తే చెయ్యి జిడ్డయి ఏడ్చే పిల్లలకు పిండిలోనే కలపాలి. నాలుగిడ్లీల పిండికి పావు చెంచాతో మొదలుపెట్టి, వారానికి పావు పెంచుతూ ఒక చెంచా దాకా వెళ్లొచ్చు. మినప్పప్పు పాళ్లు పెంచితే మాంసకృత్తులు పెరిగే మాట నిజమే గానీ ఇడ్లీ జిగురుగా మారుతుంది. అది పట్టేస్తారు, వద్దు.

కరకరలాడేవే తినే పిల్లల దారి వేరు. వాళ్లకు పాలూ పెరుగన్నమూ పనికిరావు. దోసె సన్నగా, ఎర్రగా కాల్చి అంచు చుట్టూ ఇంకో చెంచా నూనె పోయండి. నిప్పట్లు (చెక్కలు) ఇంట్లో చేస్తే బియ్యప్పిండిలో పదో వంతు వేయించిన శనక్కాయల పొడి కలిపి, వేడి నెయ్యి పోసి కలుపుకోవచ్చు. శనక్కాయల ఎర్ర పొట్టు పూర్తిగా తీసేయాలి. చేదు, చుక్కలు రెండూ దానివే. మిక్సీని ఆపి ఆపి తిప్పితే పొడి వస్తుంది, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. దేనికి ఏది కావాలో ముందే అనుకోండి. మొదటిసారి పెట్టేటప్పుడు చిటికెడే, అదీ పొద్దుటి పూట పెట్టి దద్దుర్లు, పెదవుల వాపు వస్తాయేమో చూడాలి. ఐదేళ్లలోపు వాళ్లకు పలుకులు పలుకులుగా పెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఒకేలా ఉండే తీపిని ఒప్పుకునే పిల్లలకు మన చిత్తూరు మామిడి గుజ్జు చక్కటి దారి. పండు రోజుకో రుచి, పీచు. డబ్బా గుజ్జు ఎప్పుడు తీసినా అదే. 50 మిల్లీలీటర్ల గుజ్జులో వంద ఫుల్ క్రీమ్ పాలు, ఒక పెద్ద చెంచా పాలపొడి వేస్తే 160 కేలరీలు చిన్న కప్పులో పట్టేస్తాయి. తిరుమల లడ్డూ ఇష్టంగా తింటూ కిస్మిస్, కలకండ ముక్క మాత్రం ఏరి బయట పెట్టే పిల్లల్ని గమనించారా? తీపి వాళ్లకు సమ్మతమే, మెత్తటి దాంట్లో ఉన్నట్టుండి తగిలే ముక్కే సమ్మతం కాదు. మీరు ఏం చేసినా ఈ ఒక్కటీ గుర్తుంటే సగం పని అయినట్టే.

ఈ పద్ధతికి ఉన్న ప్రమాదం ఒక్కటే, పెద్దది. దొంగచాటుగా కలిపి దొరికిపోతే పిల్లాడు ఆ వంటనే వదిలేస్తాడు. ఐదు రకాలు తినేవాడికి నాలుగు మిగులుతాయి. అందుకే ఒకసారి ఒక వంటలోనే మార్పు చేయండి, కనీసం రెండు వంటలు అసలు ముట్టుకోకుండా పాత పద్ధతిలోనే ఉంచండి. మాటలు అర్థమయ్యే పిల్లలైతే చెప్పేయండి: "ఇందులో కొంచెం నెయ్యి వేశాను నాన్నా, వద్దనిపిస్తే ఇదిగో నీ పాత ఇడ్లీ."

ఆకలి సిరప్

సైప్రోహెప్టడిన్ ఉన్న సిరప్‌లు ఆకలి పుట్టిస్తాయి, నిద్రమత్తూ తెస్తాయి. పోనుపోను పని తగ్గుతుంది, ఆపాక పెరిగిన బరువు తరచూ దిగిపోతుంది. నోటికి తగిలేది గిట్టకపోవడాన్ని అవి మార్చలేవు. డాక్టరు చూసి కొన్నాళ్లకు రాస్తే సరే, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

మరి ఎవరికి ఏది?

పది పదిహేను రకాలు తింటూ బరువు మాత్రమే తక్కువున్న పిల్లలకు దట్టించడం చాలు, డబ్బా ఖర్చు అక్కర్లేదు. ఐదారు రకాలకు పడిపోయి, కూరలూ పండ్లూ గుడ్డూ ఏవీ లేని పిల్లలకు దట్టించడంతోపాటు రోజుకొక గ్లాసు సంపూర్ణ పొడి డాక్టరుతో మాట్లాడి ఇవ్వడం మేలు. తాగుడు ఇష్టం, నమలడం కష్టం అయిన పిల్లలకు పాలల్లో కాచిన రాగి మాల్ట్ బాగా నప్పుతుంది. ఏదైనా సరే, పాలూ పాల పానీయాలూ కలిపి రోజుకు అర లీటరు దాటొద్దు. దాటితే అన్నానికి ఆకలుండదు, రక్తంలో ఇనుమూ తగ్గుతుంది. తాగేది తిన్నాక ఇవ్వాలి, తినేముందు కాదు. పూటకూ పూటకూ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ వద్దు, బిస్కెట్టు కూడా.

బలవంతంగా నోట్లో కుక్కడం, ముక్కు మూసి పోయడం ఏ దారిలోనూ భాగం కాదు. ఆ పూట రెండు ముద్దలు దిగుతాయేమో గానీ, మర్నాటి నుంచి గిన్నె చూస్తేనే గొంతు బిగుసుకుంటుంది. మిక్సీ, కుక్కరు విజిల్ భోజనానికి అరగంట ముందే ముగించండి. కూర్చున్నప్పుడు పాదాలు గాల్లో వేలాడకుండా కింద పీట పెట్టండి, ఒంటికి ఆనుదల ఉంటే నోరు కుదురుగా పనిచేస్తుంది. గదుల స్టీలు ప్లేటులో ఒకదానికొకటి అంటకుండా వడ్డించండి.

కొత్త తిండి సంగతి బరువు కాస్త కదిలాక, భోజనం పూట కాకుండా సాయంత్రం ఆటగా మొదలుపెట్టండి. ఒకసారి ఒక్క గుణమే మారాలి. మెత్తటి ఇడ్లీ తినేవాడికి అదే ఇడ్లీ వేళ్లలా కోసి పెనం మీద కాల్చింది, అది కుదిరాక మందపు దోసె, ఆ తర్వాత సన్న దోసె. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాకడం, కొరికి ఉమ్మేయడం, ఇవన్నీ మెట్లే. పది పదిహేనుసార్లు కనపడితే గానీ ఒకటి ఒప్పుకోరు.

ఇవేవీ మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించాల్సిన పిల్లలున్నారు: బరువు పెరగకపోవడమే కాదు తగ్గుతున్నవాళ్లు, నీళ్లు తాగినా దగ్గు, పొలమారడం ఉన్నవాళ్లు, తరచూ వాంతులయ్యేవాళ్లు, మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా దొడ్డికి పోయేవాళ్లు, నిన్నటిదాకా తిన్నవి ఒక్కొక్కటిగా మానేస్తున్నవాళ్లు. హిమోగ్లోబిన్ చూపించండి. ఐదేళ్లలోపు 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, ఎంత నెయ్యి పోసినా ముందు దాని సంగతి చూడాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించండి. మాత్ర నమలని పిల్లలకు పొడి చేసి నీళ్లతో ఇవ్వొచ్చు. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో చూపించి, నోటి కండరాలకు స్పీచ్ థెరపిస్టు, స్పర్శా వాసనల ఇబ్బందికి ఆక్యుపేషనల్ థెరపిస్టు కావాలా అని అడగండి. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల ఎదుగుదల లోపాలను ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద ఉచితంగా చూస్తారు, బడికి వచ్చే వైద్య బృందమే పై ఆసుపత్రికి రాసిస్తుంది. వెళ్లేటప్పుడు వారం రోజులు పిల్లాడు ఏం తిన్నాడో, ఏది ఎందుకు ఉమ్మాడో, గ్లాసులు చెంచాల లెక్కతో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పావుగంటలో డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ కాగితమే.