బ్రేకు అదురు: డిస్కులు చెక్కించాం, మార్చాం, అసలు జబ్బు హబ్‌లో ఉంది

బ్రేకు తొక్కగానే స్టీరింగ్ ఒణుకుతోందని గ్యారేజీకి వెళ్తే, బండి జాకీ ఎక్కకముందే తీర్పు వచ్చేస్తుంది: "డిస్కులు వంకరపోనాయండీ, మార్చేయాలి." డిస్కులంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళేలు, బ్రేకు తొక్కితే ప్యాడ్లు వీటినే రెండు వైపులా నొక్కి పడతాయి. మా చిన్న పెట్రోలు కారు విషయంలో ఈ మాట విశాఖలో ఒకటికి రెండు చోట్ల విన్నాను. మొదట డిస్కులకు లేత్ పని, అంటే మిషన్ మీద తిప్పి పైపొర చెక్కించడం, చేయించాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. కొత్త డిస్కులు వేయించాం. కొన్ని నెలలకు అవీ అదే దారి పట్టాయి. చివరికి ఒక డయల్ గేజి (సన్నటి ఊగుడుని కొలిచేది), ఒక టార్క్ రెంచి (నట్టుని లెక్క ప్రకారం బిగించేది) కొని ఇంటి దగ్గరే పని పెట్టుకున్నాను. ఆ రిపేరు మీద బండి 40,000 కిలోమీటర్లు పైనే తిరిగింది, అదురు మళ్ళీ కనబడలేదు. పెట్టిన ఖర్చులో ఏది గిట్టుబాటు అయింది, ఏది దండగ అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

డబ్బు తీయకముందు అదురు ఎలాంటిదో చూసుకోవాలి. బ్రేకు జోలికే పోకుండా 80, 90 దగ్గర స్టీరింగ్ ఒణికితే అది వీల్ బ్యాలెన్సింగో, టైరు ఉబ్బో, రిమ్ము సొట్టో అయి ఉంటుంది. తొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతే బ్రేకుల వైపు చూడాలి. మాకు హైవే మీద 80 నుంచి వేగం తగ్గిస్తుంటే పెడల్ పాదాన్ని తన్నేది, స్టీరింగ్ అటూ ఇటూ ఊగేది. వేగం పడిపోయేకొద్దీ ఆ తన్నులూ నెమ్మదించేవి. ఇది మంచి గుర్తు. మా టైరు ఒక చుట్టుకి సుమారు 1.8 మీటర్లు పోతుంది, అంటే 80లో వెళ్తున్నప్పుడు చక్రం సెకనుకు 12 సార్లు, 40లో 6 సార్లు తిరుగుతుంది. తన్నులు చక్రంతో పాటు మారుతున్నాయంటే తేడా తిరిగే వస్తువులోనే ఉంది: ముందు చక్రాల డిస్కులోనో, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములోనో.

ఏబీఎస్, అంటే గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, దాని తన్నుడు దీనికి పూర్తిగా వేరు. తడి రోడ్డు మీదో, బీచ్ రోడ్డులో ఇసుక పడ్డ చోటో గట్టిగా తొక్కితే పెడల్ కింద గరగరమని వేగంగా కొడుతుంది. అది దాని పని అది చేస్తోందని అర్థం. పొడి రోడ్డు మీద, మెల్లగా ఆపుతున్నప్పుడు, బండి ఆగబోయే చివరి క్షణంలో గరగరమంటే మాత్రం వీల్ స్పీడ్ సెన్సర్ సంగతి చూపించాలి. దానికి ఎన్ని డిస్కులు మార్చినా లాభం లేదు.

ముందు చక్రాలా వెనక చక్రాలా అన్నది తేల్చడం కష్టం కాదు. స్టీరింగ్ ఊగితే దాదాపు ఎప్పుడూ ముందువే. స్టీరింగ్ నిలకడగా ఉండి, సీటు కింద నుంచి నడుముకు తెలుస్తుంటే వెనక డ్రమ్ముల మీద అనుమానపడాలి. లివరు హ్యాండ్‌బ్రేకు ఉన్న బండి అయితే, ఎవరూ లేని తిన్నని పొడి రోడ్డు మీద 40 లోపు వేగంలో, బటన్ నొక్కి పట్టుకునే లివరుని కొద్దికొద్దిగా లాగి చూడొచ్చు. అదురు వస్తే డ్రమ్ము గుండ్రం తప్పినట్టే. మా బండికి అలా ఏమీ రాలేదు.

ఇక అసలు సంగతి. పోత ఇనుము డిస్కు మామూలు వాడకంలో నిజంగా వంగిపోవడం అరుదు. మారేది దాని మందం. చుట్టూ ఒక్క చోట మందం 0.02 మిల్లీమీటరు తక్కువైనా చాలు, కాలికి తెలిసిపోతుంది. పలచటి చోటు ప్యాడ్ల మధ్యకి వచ్చినప్పుడు కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి అదిమే భాగం) లోపలి పిస్టన్ ముందుకు జరుగుతుంది, మందమైన చోటు రాగానే వెనక్కి తోస్తుంది. ఆ తోపుడు బ్రేక్ ఆయిల్ గుండా పెడల్ వెనకున్న మాస్టర్ సిలిండర్ దాకా వెళ్ళి పెడల్‌ని తంతుంది.

మరి ఒక్క చోటే ఎందుకు పలచబడుతుంది? డిస్కు హబ్ (డిస్కునీ చక్రాన్నీ బిగించే, వాటితో పాటు తిరిగే మధ్య భాగం) మీద సమంగా కూర్చోకపోతే తిరుగుతున్నప్పుడు కొంచెం పక్కకి ఊగుతుంది. ఆ ఊగుడు కొత్తలో కాలికి తెలియదు, అక్కడే అందరూ మోసపోతారు. బ్రేకు తొక్కకుండా వెళ్తున్నప్పుడు కూడా ప్రతి చుట్టుకీ డిస్కులో అదే చోటు ప్యాడుకి రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి అక్కడ అరిగి పలచనవుతుంది, అదురు మొదలవుతుంది. అందుకే కొత్త డిస్కులు వేసిన రోజు బండి వెన్నలా ఆగుతుంది, గ్యారేజీ వాళ్ళకి దండం పెట్టి వచ్చేస్తాం. నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ వెళ్తే "డిస్కు క్వాలిటీ లేదండీ" అంటారు.

మొదటి లేత్ పని గాజువాక ఆటోనగర్‌లో చేయించాం. రెండు డిస్కులకీ కలిపి ఎనిమిది వందలు. పని శుభ్రంగానే చేశారు, మొహం అద్దంలా వచ్చింది. కానీ లేత్ మిషన్ మీద డిస్కు ఎంత సమంగా తిరిగినా, తీసుకొచ్చి బిగించేది పాత హబ్‌కే కదా. ఆ తర్వాత కొత్త డిస్కులు, ప్యాడ్లు, కూలీ కలిపి ఏడు వేలు దాటింది. అప్పుడూ హబ్ వైపు ఎవరూ చూడలేదు. పాతవి సుత్తితో కొట్టి ఊడదీశారు, కొత్తవి తగిలించారు, ఎయిర్ గన్‌తో టకటకా బిగించేశారు. మధ్యలో ఒక చోట వీల్ అలైన్‌మెంట్, ఇంకో చోట బ్రేక్ ఆయిల్ మార్పు కూడా అయ్యాయి. ఆయిల్ ఎలాగూ రెండేళ్ళకోసారి మార్చాల్సిందే కాబట్టి దాన్ని దండగ అనను. అలైన్‌మెంట్‌కీ ఈ అదురుకీ మాత్రం చుట్టరికం లేదు.

డయల్ గేజి, అయస్కాంతం స్టాండు కలిపి సుమారు రెండు వేలు పడ్డాయి. 0.01 మిల్లీమీటరు దాకా చూపిస్తుంది. కారుని జాకీతో లేపి, స్టాండు మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని చెయ్యి లోపల పెట్టకండి), చక్రం తీసి, డిస్కుని వాషర్లు వేసి వీల్ నట్లతోనే బిగించాను. లేకపోతే డిస్కు వదులుగా ఉండి గేజి అబద్ధం చెబుతుంది. గేజి ముల్లుని డిస్కు అంచుకి ఒక సెంటీమీటరు లోపల ఆనించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాను. ఎడమ వైపు ముల్లు 0.13 దాకా ఊగింది. కుడి వైపు 0.06. చాలా కార్లకి ఈ ఊగుడు 0.05 నుంచి 0.10 మధ్య దాటకూడదంటారు. మీ బండికి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మందం కొలిచే మైక్రోమీటరుతో ఎడమ డిస్కుని చుట్టూ ఎనిమిది చోట్ల కొలిస్తే ఎక్కువది 19.89, తక్కువది 19.86. ఆ 0.03 తేడాయే స్టీరింగ్‌ని ఊపింది. స్టీరింగ్ తన్నుతుంటే తప్పు డిస్కుదని అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. డిస్కు ఎందుకు అలా అరిగిందో ఎవరూ చూడలేదు, అంతే.

డిస్కు ఊడదీయడానికి సుత్తి అక్కర్లేదు. చాలా బండ్లలో డిస్కు మొహం మీద రెండు చిన్న మర రంధ్రాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే, డిస్కు టప్పుమని హబ్ నుంచి విడిపోతుంది. అది విడిపోగానే ఎర్రటి పొడి రాలింది. హబ్ మొహం మీద, సగం చుట్టు మేర తుప్పు పొరలు పొరలుగా కట్టి ఉంది. డిస్కు లోపలి వైపు ఆ ముద్ర అచ్చంగా దిగింది. సముద్రానికి దగ్గరగా బండి నిలబెట్టే ఊళ్ళో ఇది వింత కాదు. పీట కాలి కింద రాయి పెట్టినట్టే: హబ్ దగ్గర 0.05 ఎత్తు ఉన్న తుప్పు, డిస్కు అంచు దగ్గరకి వచ్చేసరికి దాదాపు రెట్టింపు ఊగుడవుతుంది.

వైర్ బ్రష్షుతో మొదలుపెట్టి, బోల్టుల చుట్టూ మూలల్లో చిన్న ఉలితో మెల్లగా గీకి, చివర ఎమరీ పేపరు రుద్దాను. ఇనుము తెల్లగా కనబడే దాకా వదల్లేదు. తొందరపడాల్సిన పని కాదిది. బోల్టు మొదట్లో చిన్న పెచ్చు మిగిలినా మళ్ళీ మొదటికే వస్తుంది. డిస్కు లోపలి మొహానికీ అదే వైద్యం. అక్కడ గ్రీజు లాంటివేవీ రాయలేదు. తిరిగి బిగించి కొలిస్తే ఎడమ వైపు ఊగుడు 0.13 నుంచి 0.05కి దిగింది. డిస్కుని తీసి ఒక బోల్టు రంధ్రం పక్కకి జరిపి పెడితే 0.03. ఒక్క రూపాయి ఖర్చు లేని పని అది.

అయితే డిస్కులో అప్పటికే పడిన మందం తేడా ఎక్కడికీ పోదు. అంచు మీద పోతపోసిన కనీస మందం 18 మిల్లీమీటర్లు, మా దగ్గర ఇంకా దాదాపు 20 ఉంది. అందుకని అవే డిస్కుల్ని అదే ఆటోనగర్ లేత్‌కి తీసుకెళ్ళి సన్నగా చెక్కించాను. లోపలి మొహం శుభ్రంగా ఉందో లేదో చూసి ఎక్కించమని మాత్రం పక్కనే నిలబడి చెప్పాను. అదే లేత్, అదే పని, అదే కారు. ఈసారి హబ్ శుభ్రంగా ఉంది. కాబట్టి లేత్ పని పనికిరాదని నేను అనను. హబ్ శుభ్రం చేయకుండా చేయించే లేత్ పని పనికిరాదు. మందం కనీసానికి దగ్గరపడిన డిస్కుని చెక్కించడం కూడా వద్దు, అది వేడికి తట్టుకోదు.

కాలిపర్ విప్పినప్పుడే, అది అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్లు చూసుకోండి. ఒక పిన్ను కొంచెం బిగుసుకుంది, తుడిచి బ్రేకుల కోసమే అమ్మే గ్రీజు పట్టించాను. పిన్ను జరగకపోతే ఒక ప్యాడు డిస్కుని ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. కాలిపర్‌ని హోసు మీద వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునే వస్తువు టార్క్ రెంచి. అర అంగుళం డ్రైవు, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) దాకా పనిచేసేది, మూడు వేల లోపే దొరికింది. మా మాన్యువల్ ప్రకారం వీల్ నట్లకి 100. ఎయిర్ గన్‌తో బిగిస్తే ఒకటి 150, ఇంకోటి 200, పక్కది 90 అవుతుంది. ఆ అసమానపు ఒత్తిడికి డిస్కు హబ్ మీద ఒక పక్కకి లాగబడి, తుప్పు చేసే పనే బిగింపు చేస్తుంది. పంక్చరు షాపులో "గట్టిగా ఉంటే మంచిదే కదా సార్" అంటారు. ఇంతకుముందు అనంతగిరి ఘాట్‌లో టైరు దిగినప్పుడు ఆ మంచితనం వల్ల స్పానర్ మీద ఇద్దరం ఎక్కి నిలబడాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చక్రం తీసినా గన్ వాడొద్దని, నట్లు చేత్తో ఆనించి వదిలేయమని అడుగుతాను. ఎదురెదురు నట్లు వరసగా, ముందు సగం బలంతో, తర్వాత 100కి క్లిక్ అనే దాకా బిగిస్తాను. కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి. పని అయ్యాక రెంచిని కనీస అంకెకి తిప్పి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు మెత్తబడి కొలత తప్పుతుంది.

ప్యాడ్లు డిస్కులకు అలవాటు పడాలి కాబట్టి, తెల్లారకముందే భీమిలి వైపు బీచ్ రోడ్డు మీదకి వెళ్ళి, 60 నుంచి 15 దాకా ఓ పదిసార్లు బాగా నొక్కి తగ్గించాను, ఒక్కసారీ పూర్తిగా ఆపకుండా. తర్వాత బ్రేకు ముట్టకుండా కొంత దూరం నడిపి చల్లారనిచ్చాను. వేడి డిస్కు మీద ప్యాడు నొక్కి బండి ఆపేస్తే ఆ చోట ప్యాడు పదార్థం అంటుకుని, అదీ అదురు తెప్పిస్తుంది. అరకు నుంచి దిగి శృంగవరపుకోట దగ్గర టీకి ఆగినప్పుడు కూడా ఇదే జాగ్రత్త: పెడల్ మీద కాలు పెట్టుకుని కూర్చోకుండా హ్యాండ్‌బ్రేకు వేస్తాను. వెనక డ్రమ్ములకి ముందు డిస్కులంత వేడి ఉండదు. ఘాట్ మొత్తం రెండో గేరులోనే దిగుతాను. దిగిన వెంటనే చక్రాల మీద నీళ్ళు కొట్టించను.

ఈ మధ్య ప్యాడ్లు మార్చినప్పుడు గేజి మళ్ళీ తీశాను. ఎడమ డిస్కు ఊగుడు 0.04, మందం తేడా మైక్రోమీటరుకి అందనంత తక్కువ. హబ్ మొహం మీద పలచటి తుప్పు మళ్ళీ మొదలైంది, అయిదు నిమిషాల పని, రుద్దేశాను. డిస్కు మందం 19.1. ఇంకో సెట్ ప్యాడ్లు నిక్షేపంగా వస్తాయి. ఆ తర్వాత వేసేది కొత్త డిస్కులైనా, బిగించేది మాత్రం గేజి పెట్టి చూశాకే.